మిరపకల్లంలో బ్లేజార్

పరిశోధనలో చేరిన కొత్తలో, నరసరావుపేట దగ్గర మా పిన్ని మిరపకల్లంలో కూర్చుని, ల్యాప్‌టాప్‌లో ఒక బ్లేజార్‌ని చూస్తున్నాను. బ్లేజార్ అంటే తన నడిబొడ్డు నుంచి వెలుగును సూటిగా మనవైపు చిమ్మే గెలాక్సీ. ఆ వెలుగును రంగులుగా విడదీసి గీస్తే గీత దాదాపు సాఫీగా వస్తుంది. అందులో గుంట దొరికితే గెలాక్సీ ఎంత దూరమో చెప్పొచ్చు. నాకు దొరికింది. గొప్పగా పిన్నికి చూపించాను.

రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న పిన్ని ఒక కాయను ఎత్తి ఎండలో తిప్పింది. "నీలం పట్టా మీద మంచికాయ కూడా తాలులాగే కనపడుద్దే. ఎత్తి చూడాల. ఆ గుంట దీనికేనా, పక్క చుక్కలక్కూడా ఉందా?"

నాకు ఒళ్లు మండింది. అయినా పక్క నక్షత్రం గీత తెరిచాను. అదే చోట అదే గుంట. ఆ రంగును దారిలో మన గాలిలోని ఆక్సిజన్ మింగేసింది.

"అంత దూరం చూసి మన గాలినే చూశావా," అంది పిన్ని. మిరప ఘాటుకు ఇద్దరం తుమ్మాం.

ఇప్పటికీ ఏ గెలాక్సీ వెలుగు తెరిచినా ముందు ఆ గుంటనే వెతుకుతాను. కనపడగానే ముక్కు దురద పెడుతుంది.