పన్ను పీకిన చోటు మానలేదు

ఈ దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటొచ్చిన రెండేళ్ళకు, ఫీనిక్స్‌లో ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరడానికి కాకినాడ నుంచి వచ్చాను. ఆ పక్కనే ఒట్టావా అనే ఊళ్ళో ఒక పెద్దమ్మ ఇంట్లో గది అద్దెకు దొరికింది. ఎప్పుడో చెరకు తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ళ మనవరాలు ఆవిడ. ఇంట్లో మాట్లాడేదంతా ఇంగ్లీషే. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ నా మీద అజమాయిషీ.

నాకు షుగరుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోగిష్టివాడని తెలిస్తే కాంట్రాక్టు రద్దుచేసి ఇంటికి పంపేస్తారని నా భయం. అందుకే దవడ పన్ను పీకేముందు జబ్బులేమైనా ఉన్నాయా అని పళ్ళ డాక్టరమ్మ అడిగితే, గుండ్రాయిలా ఉన్నానన్నాను. మూడు వారాలైనా ఆ గుంట పూడలేదు. నోరంతా కంపు. చేతకాని వైద్యమని డాక్టరమ్మ మీద ఇంట్లో కూర్చుని చిందులు తొక్కాను.

నా అవస్థ చూడలేక పెద్దమ్మ నన్ను చర్చికి లాక్కుపోయింది. అక్కడ అందరూ కళ్ళు మూసుకుని, ఎవరి మొర వాళ్ళు పైకే చెప్పుకుంటారు. ఇక్కడ తెలుగు ఎవరికొచ్చు గనక అని నేనూ గొంతెత్తాను. షుగరు, సగం రోజులు మింగని మాత్రలు, మానని పుండు, ఉద్యోగం పోతుందన్న దిగులు, అన్నీ ఏకరువు పెట్టాను. ప్రాణానికి హాయిగా అనిపించింది.

కళ్ళు తెరిస్తే పెద్దమ్మ నన్నే చూస్తోంది. నా ఖర్మ! ఆ ఇళ్ళల్లో తెలుగంతా పోయినా, ప్రార్థనలూ తిట్లూ మిగిలాయని నాకేం తెలుసు?

"దేవుడికి చెప్పినావు, డాక్టరుకు చెప్పలేదు?" అంది వచ్చీరాని తెలుగులో. "మా ఆయన ఇట్లే దాచినాడు. ముందు కాలు పోయింది. తరవాత మనిషి పోయినాడు."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మర్నాడు పళ్ళ డాక్టరమ్మ దగ్గర ఆవిడే పక్కన కూర్చుని నా చేత చెప్పించింది. రక్తంలో షుగరు ఎక్కువుంటే పుండుకు రక్తం సరిగా అందదనీ, చీము తొందరగా పడుతుందనీ, ముందు షుగరు దించుకొమ్మనీ డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. తిట్టినా బాగుండేది. మాత్రలు వేళకు మింగితే, నెలకల్లా గుంట పూడింది.

ఇక ఫ్యాక్టరీకి కూడా తనే వస్తానంది పెద్దమ్మ. ఆ పరువు తక్కువ పని కంటే నేనే చెప్పుకోవడం నయమని మేనేజరు గదిలోకి వెళ్ళి అంతా కక్కేశాను. ఆయన బీరువాలోంచి నా ఫైలు తీసి ముందు పెట్టాడు. చేరేటప్పుడు, ఎందుకని కూడా అడగకుండా నేనిచ్చిన రక్తం తాలూకు రిపోర్టు అందులో ఉంది. షుగరు సంగతి మొదటి వరుసలోనే రాసుంది. అది తెలిసే నన్ను పనిలోకి తీసుకున్నారట.