మూడో బేస్ దగ్గర మోకాలు

ఆ ఆదివారం సూరత్ శివార్లలో, అమ్రోలిలోని స్కూలు మైదానంలో ఆట మొదలయ్యేసరికే ఆకాశం నల్లబడింది. గాలి ఆడటం లేదు. పొద్దున సున్నంతో గీసిన గీతలు తడినేలలో అప్పుడే కరిగిపోతున్నాయి. పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ సెమీఫైనల్ అది. వాన రాకముందే ముగించాలని నిర్వాహకులు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లారు. అంపైర్లం ముగ్గురం. హోమ్ ప్లేట్ వెనుక పెద్దాయన, నాకు ఈ పని నేర్పినవాడు. మొదటి బేస్ దగ్గర ఒక బ్యాంకు ఉద్యోగి. మూడో బేస్ నాది.

నేను సూరత్‌లోనే పుట్టి పెరిగాను. మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ మరమగ్గాల మీద పనిచేశాడు. స్కూల్లో నేను ఈ ఆటే ఆడాను. ఇప్పుడు ఒక స్కూల్లో పీటీ టీచర్‌ని. సెలవుల్లో అంపైరింగ్ చేస్తాను.

మా ఆటలో బంతి కొట్టిన పిల్ల మూడు బేస్‌లూ తాకి హోమ్ ప్లేట్ చేరితే ఒక పరుగు; బేస్ చేరకముందే బంతితో తాకిస్తే ఔట్. బంతి చేతిలో లేని ఫీల్డర్ పరుగెత్తే పిల్ల దారికి అడ్డం రాకూడదు. అయితే అడ్డం వచ్చినంత మాత్రాన సరిపోదు. దానివల్ల పరుగు దెబ్బతిన్నదని అంపైర్‌కు అనిపించాలి. అనిపిస్తే ఎడమచెయ్యి పక్కకు చాచాలి. అప్పుడు ఆ పిల్ల ఔట్ కాదు, అడ్డం లేకపోతే ఎంతవరకు చేరేదో అంతవరకు ఇస్తారు. పుస్తకంలో ఇంతే ఉంటుంది. మైదానంలో మాత్రం ఒక అడుగు ఎందుకు చిన్నదయిందో రెప్పపాటులో తేల్చాలి. అడ్డం వచ్చినందుకా, అలసటకా, భయానికా?

రెండో ఇన్నింగ్స్‌లో ఒక పిల్ల రెండో బేస్ నుంచి నా వైపు పరుగెత్తుకొచ్చింది. మూడో బేస్ దగ్గర ఉన్న ఫీల్డర్ పొడుగ్గా, బలంగా ఉంది. బంతి ఇంకా ఎక్కడో ఉండగానే ఆమె ఎడమ మోకాలు దించి బేస్‌ను మూసేసింది. పరుగెత్తే పిల్ల పక్కకు వంగి, బేస్ మూలను అందుకుంది. సేఫ్. బంతి ఆ తర్వాత వచ్చింది. పరుగు చెడలేదు కాబట్టి నేను చెయ్యి చాచలేదు. కానీ ఫీల్డర్ లేస్తూ బెంచీ వైపు చూసింది. అక్కడ వాళ్ల కోచ్ తల ఊపాడు. బాగా చేశావన్నట్టు, చాలా చిన్నగా.

ఇన్నింగ్స్ మారేటప్పుడు ఆ ఫీల్డర్‌ను పక్కకు పిలిచాను.

"బేటీ, బంతి లేకుండా మోకాలు పెట్టకు. ఎవరికో ఒకరికి దెబ్బ తగులుతుంది," అని హిందీలో చెప్పాను.

"సర్ ఇలాగే పెట్టమన్నారు మేడమ్," అంది. ఆ గొంతులో పొగరు లేదు. నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

పెద్దాయన దగ్గరికి వెళ్లాను. కోచ్‌ను హెచ్చరిద్దామన్నాను.

"రన్నర్ ఆగిందా?" అని అడిగాడు.

"లేదు. తప్పుకుంది."

"మరి దేనికని హెచ్చరిస్తాం? నీ జడ్జిమెంటే కదా అది." ఆయన పైకి చూశాడు. "గంటలో వాన. ఆట ఆపకు."

పుస్తకం ప్రకారం ఆయన అన్నది తప్పు కాదు. నేను తిరిగి నా చోటికి వచ్చాను.

నాలుగో ఇన్నింగ్స్‌లో వచ్చిన పిల్ల చాలా చిన్నది. జెర్సీ మోకాళ్ల దాకా వేలాడుతోంది. జట్టులో అందరికంటే వేగంగా పరుగెత్తేది ఆమే. ఆమె మూడో బేస్‌కు రెండు గజాల దూరంలో ఉండగా ఫీల్డర్ మోకాలు మళ్లీ కిందికి దిగింది. ఈ పిల్ల అడుగు తడబడింది. అర అడుగు, అంతే. ఆలోపు బంతి వచ్చింది, ఫీల్డర్ ఆమె భుజానికి తాకించింది.

నా ఎడమచెయ్యి నడుము దాకా లేచింది. బెంచీ నుంచి కోచ్ కేక వేశాడు. "ఏం చూశారు మేడమ్? దానంతట అదే ఆగింది!" చెయ్యి దించేశాను. ఔట్ ఇచ్చాను.

ఆ పిల్ల ప్యాంటు దులుపుకుంటూ నా ముందు నుంచే వెళ్లింది. తనలో తాను అనుకుంటున్నట్టు తెలుగులో గొణిగింది. "ఆమె చేతిల బాలే లేదు. ఉత్తగనే అడ్డమున్నది."

నాకు తెలుగు వచ్చని ఆమెకు తెలియదు. నేను ఏమీ అర్థం కానట్టు స్కోరు బోర్డు వైపు తిరిగాను. అంతకుముందు ఏడాది ఒక టీచర్ నలుగురిలో నవ్వుతూ, తెలుగు పిల్లలకు తెలుగు అంపైర్ దొరికిందని అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. ఆ చెయ్యి దించడంలో దాని వంతు ఎంతో ఇప్పటికీ చెప్పలేను. కొంత ఉంది.

తర్వాతి రెండు ఇన్నింగ్స్‌లూ నేను బంతిని సరిగా చూడనేలేదు. ఆ మోకాలినే చూశాను. మూడో బేస్‌కు ఎవరూ రాకపోతే బాగుండునని అనుకున్నాను. అంపైర్ అనుకోకూడని మాట అది. మబ్బు ఎంత కిందికి దిగిందంటే, అవతల ఇళ్ల మీది నీళ్ల ట్యాంకులు కనపడటం మానేశాయి.

చివరి ఇన్నింగ్స్‌లో స్కోరు సమం. ఆ చిన్నపిల్లే రెండో బేస్ మీద ఉంది. కొట్టిన బంతి దూరంగా పడింది. ఆమె బయలుదేరింది. మోకాలు దిగింది. ఆ పిల్ల దాన్ని చూసింది. చూసినట్టు ఆమె ముఖంలో నాకు స్పష్టంగా కనిపించింది. ఈసారి తడబడలేదు. తడబడితే ఏమవుతుందో నేనే నేర్పాను కదా. కాళ్లు ముందుకు చాచి, నేరుగా జారింది.

వాళ్లు ఢీకొనకముందే నా ఎడమచెయ్యి చాచి ఉంది. చప్పుడు పెద్దదేం కాదు. తడిసిన పుల్ల విరిగినట్టు వినిపించింది. విసిరిన బంతి వాళ్లిద్దరినీ దాటి కంచె దాకా దొర్లిపోయింది. ఎవరూ దాని వెంట పరుగెత్తలేదు.

పిల్ల కుడిపాదం ఉండాల్సిన వైపు లేదు. ఆమె ఏడవలేదు. నా చేతిని పట్టుకుని, "సేఫేనా?" అని హిందీలో అడిగింది.

"సేఫే బిడ్డా. కదలకు," అన్నాను తెలుగులో. ఆమె నన్ను అదోలా చూసింది. ఆ చూపు నుంచి నేను తప్పించుకోలేకపోయాను.

ఆమెను కారులోకి ఎక్కిస్తుండగా పెద్దాయన నన్ను అడగాల్సింది అడిగాడు. అడ్డం లేకపోతే ఆమె ఎంతవరకు చేరేది? హోమ్ దాకా, అన్నాను. పరుగు లెక్కలోకి వచ్చింది. ఆ జట్టు గెలిచింది. ఒక్క పిల్ల కూడా చప్పట్లు కొట్టలేదు. పొడుగు ఫీల్డర్ బేస్ పక్కనే కూలబడి ఉంది. ఆమె దగ్గరికి కోచ్ కూడా రాలేదు.

ఆసుపత్రికి ఆ పిల్ల తల్లి సలాబత్‌పురా నుంచి పని మధ్యలోనే వచ్చింది. అక్కడ చీరలకు దారాలు కత్తిరించే పని ఆమెది. రెండు ఎముకలు విరిగాయని డాక్టర్ చెప్పిన తర్వాత నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మేడమ్, మీరు మన తెలుగోళ్లేనట గదా?"

"అవునమ్మా."

"ఆ పిల్ల ఇంతకుముందు గూడ గట్లనే అడ్డమున్నదని మా బిడ్డ చెప్తున్నది. మీరు చూడలేదా?"

"చూసిన."

"చూసి?"

ఆమె తిరిగి బిడ్డ మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఆ రాత్రి రిపోర్టులో మూడు సంఘటనలూ రాశాను. మొదటి రెండూ తీసెయ్యమని పెద్దాయన ఫోన్ చేశాడు. "వాటిని నువ్వే వదిలేశావు. ఇప్పుడు రాస్తే నీకే చెడ్డపేరు," అన్నాడు. నా మంచి కోరే అన్నాడు. నేను తియ్యలేదు. కోచ్‌కు ఒక హెచ్చరిక ఉత్తరం వెళ్లింది. తర్వాతి సీజన్‌లోనూ అతను అదే బెంచీ మీద ఉన్నాడని విన్నాను. నన్ను మాత్రం ఏడాదిపాటు ఏ మ్యాచ్‌కూ పిలవలేదు.

ఆరు నెలల తర్వాత రింగ్ రోడ్‌లో బస్ స్టాప్ దగ్గర తల్లీబిడ్డలు కనిపించారు. పిల్ల నడుస్తోంది. కుడికాలు నేల మీద ఆనించే ముందు ఒక్క క్షణం ఆగుతోంది. తల్లి నన్ను చూసి ముఖం తిప్పుకుంది. పిల్ల మాత్రం దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఒక మాట అడగనా?"

"అడుగు బిడ్డా."

"నేను జర ఆగితే మల్ల ఔటే ఇస్తుంటిరా మీరు?"

అబద్ధం చెప్పడం తేలిక. "ఏమో. ఇస్తుంటినేమో," అన్నాను.

"నేను గూడ గట్లనే అనుకున్న," అంది. ఆ గొంతులో కోపం లేదు. లెక్క సరిపోయిన వాళ్లు మాట్లాడినట్టు ఉంది. ఈలోగా బస్సు వచ్చింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని ముందు తలుపు నుంచి ఎక్కించింది.