సిస్టరమ్మ చెప్పిన పునీతులు

సూరత్‌లో మా ఎదురు ఫ్లాటులో ఉండే పెద్దావిడను అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు. ఆవిడ మఠంలో ఉండే సిస్టరు కాదు; రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన గుంటూరు మనిషి. భర్త పోయాక కూడా ఇక్కడే ఉండిపోయింది. బ్యాంకు ఉద్యోగంలో బదిలీ మీద నేను ఈ ఊరికి వచ్చినప్పుడు నాతో మొదట తెలుగులో మాట్లాడింది ఆవిడే.

ఆవిడ హాల్లో గోడ నిండా క్రైస్తవ పునీతుల పటాలు. మేము హిందువులమే అయినా, కథల కోసం మా అమ్మాయి సెలవు వస్తే అక్కడే ఉండేది. చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైబట్టను కత్తితో సగం కోసి ఇచ్చిన సైనికుడు, కుష్ఠు రోగులుండే దీవికి వెళ్ళి చివరికి ఆ రోగంతోనే కన్నుమూసిన ఫాదరు... దేవుళ్ళ గురించి చెప్పినట్టు కాదు, తనతో కలిసి డ్యూటీ చేసినవాళ్ళ గురించి చెప్పినట్టు చెప్పేది.

ఒకసారి బట్టల వ్యాపారి కొడుకు కథ మొదలుపెట్టగానే మా అమ్మాయి, "మన బట్టల బజారు సలాబత్‌పురాలోనా ఆంటీ?" అని అడిగింది.

"కాదే, ఇటలీలో" అని నవ్వి చెప్పింది సిస్టరమ్మ. ఆ కుర్రాడికి కుష్ఠు రోగులంటే వెగటు. ఓ రోజు గుర్రం మీద పోతుంటే దారిలో ఒక రోగి ఎదురయ్యాడు. కుర్రాడు ముఖం తిప్పుకోబోయి, ఆగి, గుర్రం దిగి, ఆ మనిషి చేతిని ముద్దు పెట్టుకున్నాడట.

ఆ మరుసటి వేసవికే లాక్‌డౌన్ వచ్చింది. ఊళ్ళో మరమగ్గాలన్నీ ఆగిపోయాయి. మా వెనక వీధిలో తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఇరుకు గదుల్లో ఉండేవి. ఒక ఉదయం అక్కడి కోడలు ఒకామె మా గేటు ముందు నిలబడి కేకేసింది.

"సిస్టరమ్మా! మా మామకు జరం. దగ్గు ఆగుతలేదు. గదిల ఒక్కన్నే ఉంచినం. నాకు చిన్నపిల్లలున్నరు, దూరంకెళ్ళే గిన్నె నూకుతున్న. తింటలేడు. మా ఆయనేమో ఊరవతల జోల్వాల మగ్గాల సాంచల కాడనే చిక్కుకున్నడు."

నేను అంబులెన్సుకు ఫోన్ చేస్తే, ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు. ఈలోగా సిస్టరమ్మ మాస్కు మీద మాస్కు కట్టుకుని, రెయిన్‌కోటు తొడుక్కుని బయటికి వచ్చింది.

"ఈ వయసులో మీరెందుకండీ? భయంగా లేదా?"

"ఎందుకు లేదమ్మా? చాలా ఉంది. ఆ కుర్రాడికి మాత్రం భయం లేదనుకున్నావా? గుర్రం దిగడమే కష్టం. దిగాక చెయ్యాల్సిన పని ఎదురుగా కనిపిస్తుంది."

నేను వేడినీళ్ళ బకెట్టు మోసుకుంటూ వెంట వెళ్ళి, గుమ్మం దగ్గర ఆగిపోయాను. లోపల ముసలాయన పాడైపోయిన లుంగీలోనే పడుకుని ఉన్నాడు. ఆవిడను చూసి తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

"దగ్గరికి రాకుర్రి. మీకంటుతది."

"అంటకుండా చూసుకోవడం నా పని. ఈ గంజి తాగడం మీ పని, అన్నా."

ఒళ్ళు తుడిచింది. లుంగీ మార్చింది. దిండు ఆనించి కూర్చోబెట్టి, చెంచాతో కొద్దికొద్దిగా గంజి తాగించింది. ఆసుపత్రిలో పని చేసిన చేతులు కాబట్టి ఎక్కడా తొట్రుపాటు లేదు. ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఇన్నొద్దులకు నన్నొక మనిషి ముట్టుకున్నది" అన్నాడు. నా పక్కన నిలబడ్డ కోడలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మర్నాడు ఆ కోడలే వచ్చి మాస్కు అడిగింది. ఎలా కట్టుకోవాలో, ఏది ముట్టుకోకూడదో సిస్టరమ్మ దూరంగా నిలబడే ఓపిగ్గా నేర్పింది. ఆ తర్వాత అంబులెన్సు వచ్చి ఆయన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేదాకా మామగారికి ఆమే తినిపించింది. ఆయన బతికి తిరిగొచ్చాడు. అన్నాళ్ళూ సిస్టరమ్మ తలుపేసుకుని ఒక్కతే ఉంది. నేను భోజనం గుమ్మం ముందు పెట్టి వచ్చేదాన్ని. అదృష్టం, ఆవిడకేమీ కాలేదు.

ఆవిడ బయటికి వచ్చిన రోజు మా అమ్మాయి, "ఆంటీ, మీ పటం కూడా ఆ గోడకు తగిలించాలి" అంది.

"పటంలోవాళ్ళకి ఆకలెయ్యదు. నాకు దంచేస్తోంది. మీ అమ్మ ఏం వండిందో చూడు, పో!" అని కసిరింది సిస్టరమ్మ. పొగిడితే ఆవిడ ఎప్పుడూ అంతే.

మరుసటి ఏడు రెండో వేవ్ వచ్చేసరికి ఆవిడకు మోకాళ్ళు సహకరించడం మానేశాయి. అప్పుడు ఆ కోడలు ముందుకొచ్చింది. ఆక్సిజన్ చూసే చిన్న పరికరం పట్టుకుని, వెనక వీధిలో జ్వరం వచ్చిన ప్రతి గదికీ తిరిగింది. ఏ గదిలోనైనా మనిషి ఒంటరిగా పడి ఉంటే లోపలికి వెళ్ళి కూర్చునేది. నా వంతు గంజి కాచడం. పొద్దున్నే మా ఫ్లాట్ల కింద నిలబడి ఆమె వివరం చెబితే, సిస్టరమ్మ బాల్కనీలో కుర్చీ వేసుకుని వినేది.

"గా మూల గదిల ముసలమ్మకు జర నయముంది. నీళ్ళు తాగుతున్నది."

"ఒళ్ళు తుడిచావా?"

"తుడిచిన సిస్టరమ్మా. జడ గూడ ఏసిన."

సిస్టరమ్మ తృప్తిగా తలూపి, గంజి వేడిగా ఉండగానే పంపమని నన్ను తొందరపెట్టింది.