ఇరవై నిమిషాల నేత

ఫోనులో అలారం మోగింది. అంచు పువ్వు సగంలో ఉంది. ఈ పూట నడుము కూడా పెద్దగా ఏమీ అనడం లేదు, ఇంకో నాలుగు పోగులు వేస్తే పువ్వు పూర్తవుతుంది. అయినా పోగు నడిపే నాడె పక్కన పెట్టి మగ్గం గుంటలోంచి లేచాను. ఇలా లేచిన ప్రతిసారీ నాకు వసుంధర మేడమ్ గుర్తొస్తుంది.

ఏడేళ్లు నడుము నొప్పితో తిరిగాను. స్కాన్ కాగితాల సంచి పట్టుకుని ఎక్కడికి వెళ్లినా ఒకటే మాట, మగ్గం మానెయ్యమని. పదమూడో ఏటి నుంచీ నాకు తెలిసిన పని అదొక్కటే, అది మానేస్తే ఇక నేనెవరిని? చివరికి తిరుపతి ఆసుపత్రిలో నొప్పి వైద్యానికే వేరే విభాగం ఉందని తెలిసి వెళ్లాను. అక్కడ వ్యాయామాలు చేయించేది వసుంధర మేడమ్. చంద్రగిరి మనిషి, నాకంటే పదేళ్లు చిన్నది. సంచి విప్పబోతే ఆపింది.

"అవి తర్వాత సూస్తాలే. నొప్పి తక్కువున్న పొద్దు ఏం చేస్తావక్కా?"

"ఏం చేస్తా, మిగిలిపోయిన నేతంతా ఆ పొద్దే నేసేస్తా."

"మర్నాడు?"

"మూడు రోజులు మంచమే."

"ఆడుండాది తంటా," అంది.

నడుములో మొదట నొప్పి పుట్టించిన దెబ్బ ఎప్పుడో మానిందనీ, నరాలు మాత్రం దొంగ పోయాక కూడా మొరిగే కుక్కలా అరుస్తున్నాయనీ చెప్పింది. ఇరవై నిమిషాలు నేసి, ఐదు నిమిషాలు లేచి నడవమంది. నాకు ఒళ్లు మండింది. ఇంతదూరం బస్సెక్కి వచ్చింది గడియారం చూడడం నేర్చుకోవడానికా అనుకున్నాను.

ఆమె మాట నేను వినలేదు. మళ్లీ వెళ్లినప్పుడు నా నడక చూడగానే ఆ సంగతి ఆమెకు తెలిసిపోయింది. ఒక ఆదివారం పొద్దున్నే మా ఊరు నగరికి వచ్చి, మా మగ్గం పక్కన కూర్చుంది. ఇరవై నిమిషాలు కాగానే నా చేతిలోంచి నాడె లాక్కుని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ఇప్పుడు నొప్పి లేదు కదా మేడమ్, ఎందుకు లేయాల?"

"లేనప్పుడే లేయాలక్కా. అది వచ్చి లేపిందంటే పెత్తనం దానిది. నువ్వుగా లేచినావంటే నీది."

కోపంగానే లేచాను. సాయంత్రం దాకా అలా లేపుతూనే ఉంది. మర్నాడు మంచం దిగి నేరుగా మగ్గం దగ్గరికి నడిచాను. రోజంతా నేసిన మర్నాడు అలా నడిచి ఏడేళ్లయింది. గుమ్మం పట్టుకుని ఏడ్చేశాను.

కొన్నాళ్లకు ఆమెకు వేరే ఊరికి బదిలీ అయింది. వెళ్లేముందు ఇవ్వాలని నేనే ఒక చీర నేశాను. గడియారం చూసుకుంటూ రోజుకు కొన్ని విడతలే నేయడంతో, పది రోజుల్లో అయ్యే చీరకు నెల పట్టింది. చేతిలో పెడితే మడత కూడా విప్పలేదు.

"ఇది నేసేటప్పుడు ఎన్ని రోజులు పండుకున్నావక్కా?"

"ఒక్క రోజు గూడా పండుకోలేదు మేడమ్."

అప్పుడు విప్పి చూసింది.

నొప్పి పోలేదు. ఇవాళా ఉంది, రేపూ ఉంటుంది. ఐదు నిమిషాలు వాకిట్లో నడిచి వచ్చేసరికి సగం పువ్వు సగంగానే ఉంది. అలారం మళ్లీ పెట్టుకుని మగ్గం గుంటలోకి దిగాను.