వలలో మిగిలిన తలకాయలు

మా నాయనతో వాదించడం కంటే సెలవురోజు కూడా ఫ్యాక్టరీకి వెళ్లి పనిచేయడం సుఖం. ఊరికే అనడం లేదు. పోయిన ఎండాకాలం నాలుగు ఆదివారాలు వరుసగా జహీరాబాద్ నుంచి బండి మీద న్యాల్‌కల్ అవతల, మంజీర ఒడ్డున ఉన్న మా ఊరికి వెళ్లాను. ఒకే ఒక్క సంగతి ఆయన బుర్రకెక్కించడానికి.

సంగతి ఇది. నాయన వలలో పడ్డ చేపలకు మొండేలు ఉండటం లేదు. బొచ్చె చేపల తలకాయలు మాత్రం వలకన్నుల్లో ఇరుక్కుని కనిపిస్తున్నాయి. ఇది తన తమ్ముడి పనేనని నాయన తీర్మానించేశాడు. పక్క మడుగులో వల వేసేది మా చిన్నాయనే మరి. చిన్నప్పటి నుంచి ఒకే తెప్ప మీద తిరిగిన అన్నదమ్ములకు మాటలు బంద్ అయ్యాయి. అమ్మ ఆ ఇంటికి గిన్నెడు కూర పంపాలన్నా నాయన మొహం చూసి ఆగిపోతోంది.

"ఏ దొంగయినా తలకాయ ఇడిసిపెట్టి మొండెం ఎత్కపోతడా నాయినా?" అన్నాను.

"జంతువు తిన్నదనుకోవాలెనని ఇడిసిండు. ఆని తెలివి నీకు తెల్వది."

నాయన రెక్క పట్టుకుని ఒడ్డున బండరాళ్ల దగ్గరికి తీసుకెళ్లాను. ఒకే రాయి మీద పాతదీ కొత్తదీ కలిసి పెంట. పుల్లతో కదిపితే అంతా పొలుసులు, ముళ్లు, ఎండ్రకాయ పెంకులు. ఒకటే నీచు కంపు. పక్కన తడి ఇసుకలో వేళ్ల మధ్య తోలున్న అడుగుల జాడలు. ఏరు తెలిసిన వాళ్లెవరైనా ఇది నీటికుక్క పనే అంటారు.

"ఊరకుక్కది," అన్నాడు.

ఫోనులో నీటికుక్క బొమ్మ చూపించాను. "ఫోన్ల ఏదన్న జూపియ్యొచ్చు," అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. నాకు ఒళ్లు మండిపోయింది.

నాలుగో ఆదివారం పొద్దున ఆ జంతువులే నా మీద దయ తలచాయి. రెండు నీటికుక్కలు మా కళ్లముందే వలలోంచి చేపను లాగి, రాయెక్కి నమిలాయి. నాయన నోరు తెరుచుకుని చూశాడు. మధ్యాహ్నానికల్లా తానే కనిపెట్టినట్టు ఊరంతా చెప్పుకొచ్చాడు.

"చిన్నాయినకు జెప్పినవా?" అని అడిగాను.

"ఊరందరికి ఎర్కయింది. ఆనికి తెల్వదా?"

సిగ్గేసింది. చివరకు నేనే వెళ్లాను. చిన్నాయన వాకిట్లో కూర్చుని వల కుడుతున్నాడు. నీటికుక్కల సంగతి చెప్పి, మా నాయనది తప్పయిందన్నాను. ఆయన తలెత్తలేదు. కుడుతున్న వలను నా ముందుకు జరిపాడు. దాని నిండా చెయ్యి దూరేంత చిరుగులు.

"నా వల గూడ గట్లనే చింపినయ్ బిడ్డా. నాకు గూడ తలకాయలే మిగిలినయ్. ఒక్కనాడన్న మీ నాయిన పేరు దీస్కున్ననా?"