ఊరు పేరు లేని ఫైలు

వనపర్తి డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సీ భాష ల్యాబ్ పరీక్ష నేను అప్పటికే ఒకసారి తప్పాను. రెండోసారి బయలుదేరుతుంటే నాయిన తేల్చి చెప్పేశాడు: "ఈసారి గిట్ల పోయిందనుకో, సదువు బంద్. కుట్టుమిషన్ మీద కూసో." పాసైతే వనపర్తిలోనే హాస్టల్లో ఉండి పైచదువు చదువుకోవచ్చు. నాకు సూదిలో దారం ఎక్కించడమే రాదు. అమరచింత నుంచి బస్సులో దారిపొడుగునా దేవుళ్లందరినీ తిట్టుకుంటూ వెళ్లాను.

ల్యాబ్ బయట చెప్పులు విడిచి ప్రశ్న చీటీ తీశాను. ఫైలు చిరునామా మొత్తం ఇస్తారు. సీ డ్రైవ్, అందులో ఒక ఫోల్డరు, దాంట్లో ఇంకొకటి, చివర ఫైలు పేరు, నడుమ నడుమ స్లాషులు. ఆ ఫైలు పేరు తీసేసి ఫోల్డర్ల వరస మాత్రం చూపించే ప్రోగ్రామ్ రాయాలి. ఓర్నాయనో అనుకున్నాను.

అంతలో మా ఇల్లు గుర్తొచ్చింది. మా ఇంట్లో కోడళ్లను పుట్టినూరి పేరుతోనే పిలుస్తారు: గద్వాల చిన్నమ్మ, కొల్లాపూర్ పెద్దమ్మ. చివరి మాట కొట్టేస్తే మిగిలేది ఊరే కదా! చివరి నుంచి వెనక్కి వెతికి, మొదట తగిలిన స్లాషు దగ్గర కోసేశాను. బంగారంలా పనిచేసింది.

పరీక్ష పెట్టడానికి గద్వాల నుంచి వచ్చిన సారు ఊరుకుంటే కదా! నా కుర్చీ లాక్కుని, స్లాషే లేకుండా ఒట్టి ఫైలు పేరు కొట్టాడు. లేని స్లాషు దగ్గర కోయబోయి నా ప్రోగ్రామ్ ఏదో చెత్త కక్కి, కింద ఒక తప్పు చూపించింది.

"ఏందమ్మా ఇది? ఈ ఫైలు ఏ ఫోల్డర్ల ఉన్నట్టు?"

"మీరు ఫోల్డర్ పేరియ్యలే కద సార్."

"ఇయ్యకుంటే? గాలిల ఉంటదా?"

పక్కవాళ్లు కిసుక్కుమన్నారు. కుట్టుమిషన్ కళ్ల ముందు గిర్రున తిరిగింది. నాకు భయమేస్తే కోపమొస్తుంది, ఏం చేయను!

"గాలిలెందుకుంటది సార్! ఊరు చెప్పలేదంటే ఈ ఊరే! గద్వాల చిన్నమ్మకు ఊరుంది, కొల్లాపూర్ పెద్దమ్మకు ఊరుంది. మా మేనత్తను ఉన్నూర్లనే ఇచ్చిన్రు. ఆమెకు ఊరెందుకు? ఉత్తగ అత్త అంటం!"

సారు కళ్లద్దాలు తీశాడు. "గద్వాల చిన్నమ్మనా? ఏ గల్లీ?"

"తెల్వదు సార్."

"సరే, నువ్వన్నదే ప్రోగ్రామ్‌ల రాయి."

ఉన్న ఫోల్డరుకు కంప్యూటర్ భాషలో గుర్తు ఒక చుక్క. స్లాషు దొరక్కపోతే చుక్క చూపించమని రాశాను. సారు నవ్వి, "పో, పాసే" అన్నాడు.

ఇంటికొచ్చి చెబితే నాయనమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏ ఊరి సారు?"

"గద్వాల."

"గందుకే. గద్వాలోళ్లయన్నీ అడ్డం ప్రశ్నలే."

వంటింట్లో గద్వాల చిన్నమ్మ గిన్నెను టంగుమని పెట్టింది.

హాస్టల్లో చేరాక మొదటి సెలవుకు ఇంటికొచ్చాను. గడప దగ్గరే నాయనమ్మ కేకేసింది: "ఓ కొల్లాపూర్దానా, వనపర్తి పిల్లొచ్చింది, అన్నం పెట్టు!"

ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. నేనే. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాంతోపాటే కోపమూ వచ్చింది.

"నాకు ఊరెందుకు పెడ్తవే? నేను ఈ ఇంటి పిల్లను కాదా?"

"ఆకలి మీదున్నది," అంది నాయనమ్మ లోపలికి చూస్తూ. "జల్దీ తే."