గవ్వలమ్మ కాని చెంచమ్మ

మా పల్లె చెంచమ్మ బతికుండగానే దయ్యమైంది. పులికాట్ ఒడ్డున ‘గవ్వలమ్మ’ అనే దయ్యాల సినిమా తీసేవాళ్లు, చేపల గంపతో పోతున్న ఆమెను ఆపి, దయ్యం వేషం వేయించి, నీళ్లలో నిలబెట్టి, “చేపలు కావాల్నా?” అనిపించారు. నాయుడుపేట హాల్లో ఆ సినిమాను రెండో రోజే ఎత్తేశారు. తర్వాత ఎట్లా ఎక్కిందో ఫోన్లలోకెక్కి, కుర్రకారుకు పిచ్చి పట్టించింది. అప్పట్నుంచి చెంచమ్మ వీధిలో కేకేస్తే కొనేవాళ్లు లేరు, కెవ్వున అరిచి సెల్ఫీ దిగేవాళ్లే. సొంత కోడలే “గవ్వలత్తా” అని పిలిచేది. ఇదేం ఖర్మో!

అది చాలదన్నట్టు అదే పేరుతో ఒక ప్రేమ నవల, ఒక కవితల పుస్తకం కూడా ఉన్నాయట. నవల చదివినవాళ్లు వచ్చి, “చివరికి ఆయన్ని క్షమించారా?” అని అడిగేవాళ్లు.

“నేనెవుర్ని క్షమించాల? చేపలు తీసుకుంటారా, లేదా?”

ఒకరోజు పెద్దకాపు చిన్నపోలయ్య ఇంటికి పోయి ఏడ్చింది. “చచ్చేలోపల నా పేరు నాకిప్పించు మామా.”

కాపులంటే మా పల్లె పెద్దలు, వాళ్లు కూడి దురాయి వేశారు. దురాయంటే మా పట్టపోళ్ల కట్టుబాటు, దానికి తిరుగులేదు. ఇకమీదట మనవాళ్లెవరూ గవ్వలమ్మ అనరాదు, అంటే మర్నాడు చేపల వేట లేదు, గంప లేదు. ఆ మాట చాటింపులో అన్నందుకు చిన్నపోలయ్యే మొదట వేట మానుకున్నాడు. దాంతో పల్లె హడలిపోయి, ఆమెను ఏ పేరుతోనూ పిలవడం మానేసింది.

అంతలో నాయుడుపేట సాహిత్య సంఘం సినిమాకూ, నవలకూ, కవితలకూ కలిపి ఒకే సన్మానం పెట్టింది. కార్యదర్శి సుశీల్ కుమార్ మైకులో, “గవ్వలమ్మ గారు వేదిక మీదికి రావాలి” అన్నాడు. పిలుపందుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్న చెంచమ్మ కదల్లేదు. చెవుడేమోనని మైకు పెంచారు.

“చెంచమ్మా అని పిలిస్తే వస్తా” అంది.

ఆయన కాగితం తిరగేసి, “చెంచమ్మెవరండీ? నవల్లోనా, కవితల్లోనా?” అన్నాడు.

“గవ్వలమ్మ యేసం కట్టింది నేనేనయ్యా! నా పేరు చెంచమ్మ!”

తోడొచ్చి పక్కన కూర్చున్న చిన్నపోలయ్య తల పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే పల్లెలో చాటింపు. “ఇనండయ్యా! చెంచమ్మ దురాయి దాటింది. ఈ పొద్దు చెంచమ్మ గంప ఎత్తగూడదు!”

ఇంటింటి నుంచీ “అయ్యో, చెంచమ్మా!” అన్నారు. కోడలు కూడా అంది.

చెంచమ్మ గుమ్మంలోకొచ్చి కళ్లు తుడుచుకుంది. “సరిగ్గా ఇనబళ్లా మామా, ఇంకోసారి చెప్పు.”